స్ట్రోక్ తర్వాత బ్యాలెన్స్ ప్రాక్టీస్: రెండు వెయింగ్ మిషన్లు, ఒక ఫోన్‌తో ఇంట్లో ఎలా చేయించాలి

పక్షవాతం వచ్చినవాళ్ళని లేపి నిలబెట్టి "రెండు కాళ్ళ మీదా సమానంగా ఉన్నారా?" అని అడిగితే చాలామంది ఆఁ ఉన్నానుగా అనే అంటారు. పక్కనించి చూసేవాళ్ళకి మాత్రం ఒంటి బరువంతా బాగున్న కాలి మీదే ఉన్నట్టు తెలిసిపోతుంటుంది. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, స్ట్రోక్ వల్ల ఆ కాలి నుంచి మెదడుకి వెళ్ళాల్సిన కబురు సరిగ్గా వెళ్ళట్లేదు, అందుకే తెలియట్లేదు. లోపల తెలియనిదాన్ని కంటికి చూపించడానికే పెద్ద హాస్పిటళ్ళలో ఫోర్స్ ప్లేట్ అనే మిషన్ ఉంటుంది, దాని మీద నిలబడితే బరువు ఎటు ఉందో ఎదురుగా స్క్రీన్ మీద చుక్కలా కనిపిస్తుంది. అది లక్షల్లో ఖర్చు, పైగా రోజూ హాస్పిటల్‌కి తీసుకెళ్ళి తీసుకురావడం ఎవరి వల్లా కాదు.

అదే పని ఇంట్లో రెండు మూడు వేలలోపు చేస్కోవచ్చు. ఎలాగో కింద వరసగా రాస్తున్నా, కానీ ముందే ఒక మాట. 2004లో వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు ఈ ఫోర్స్ ప్లేట్ ట్రైనింగ్ మీద వచ్చిన స్టడీస్ అన్నీ కలిపి చూస్తే, నిలబడినప్పుడు బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా పడటం మెరుగైంది గానీ, బ్యాలెన్స్ టెస్టుల్లో, సొంతంగా పనులు చేస్కోవడంలో మార్పు కనిపించలేదు. అంటే మిషన్ మీద బాగా నిలబడటం వస్తే మిషన్ మీద నిలబడటమే వస్తుంది. దాన్ని కుర్చీలోంచి లేవడంలోకి, అడుగు వెయ్యడంలోకి, తిరగడంలోకి మనం లాక్కురావాలి. అందుకే ఈ గైడ్‌లో సామాన్ల గురించి కంటే వాటితో ఏం చెయ్యాలనేదే ఎక్కువ రాశాను.

ముందు డాక్టర్, ఫిజియో

హాస్పిటల్ నుంచి వచ్చిన వారంలోనే యూట్యూబ్ చూసి మొదలుపెట్టేయొద్దు. నిలబెట్టొచ్చా, బీపీ ఎంత వరకు ఉండొచ్చు, గుండెకి ఏమైనా ఇబ్బంది ఉందా అని డాక్టర్‌ని అడగండి. ఫిజియోని కనీసం ఒక్కసారైనా ఇంటికి పిలిచి మీ ఇల్లు, మీ కుర్చీ, మీ బాత్‌రూమ్ చూపించి ఏ వ్యాయామం ఏ లెవల్లో చెయ్యాలో రాయించుకోండి. ఇది ఊరికే చెప్పట్లేదు, 2017లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన అటెండ్ అనే ట్రయల్ మన దేశంలోనే 14 హాస్పిటళ్ళలో 1250 మందితో చేశారు, ఇంట్లోవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి వాళ్ళ చేతే రీహాబ్ చేయిస్తే ఆరు నెలలకి పేషెంట్లు మామూలు వైద్యం కంటే ఏమీ మెరుగ్గా లేరు. ఇంట్లోవాళ్ళ కష్టం వృథా అని కాదు దీనర్థం, చూసి సరిదిద్దే ఫిజియో కన్ను లేకుండా మన ప్రేమ ఒక్కటీ సరిపోదు అని.

ఇంకో రెండు చెక్ చెయ్యండి. పడుకున్నప్పుడు బీపీ చూసి, నిలబెట్టాక మూడు నిమిషాల్లోపు మళ్ళీ చూడండి, పై నంబర్ 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతుంటే ఆ కళ్ళు తిరగడం బ్యాలెన్స్ సమస్య కాదు, ముందు డాక్టర్‌కి చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్ళకి అరికాళ్ళు మొద్దుబారి ఉండొచ్చు కాబట్టి అరికాళ్ళు రెండూ ముట్టుకుని స్పర్శ తెలుస్తోందో లేదో చూడండి, తెలియకపోతే అది ఫిజియోకి చెప్పాల్సిన విషయం.

కొంతమందిలో ఇంకోలా ఉంటుంది. బాగున్న చేత్తో, కాలితో గట్టిగా నెట్టుకుంటూ పక్షవాతం వచ్చిన వైపుకే ఒరిగిపోతారు, మనం సరిచెయ్యబోతే పడిపోతున్నానని భయపడి ఎదురు తోస్తారు. వీళ్ళకి నిటారు అంటే ఏంటో చెప్పే లోపలి లెక్కే మారిపోయింది. వీళ్ళ విషయంలో కింద చెప్పే వెయింగ్ మిషన్ పద్ధతి సొంతంగా చెయ్యొద్దు, ఎందుకంటే మనం "బలహీనమైన కాలి మీద బరువు వెయ్యండి" అంటే సమస్య ఇంకా పెరుగుతుంది. వీళ్ళకి కంటితో చూసే నిలువు గీత పనికొస్తుంది, గుమ్మం చట్రం ఎదురుగా కూర్చోబెట్టడం గానీ, మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వాడే తూకం గుండు ఎదురుగా వేలాడదీసి ఆ దారంతో ఒళ్ళు సరిపోల్చుకోమనడం గానీ. అదీ ఫిజియో దగ్గరుండి మొదలుపెట్టాలి.

చోటు

కిచెన్ గట్టు ఉందే, అది ఈ పనికి చాలా బాగుంటుంది. నడుం ఎత్తులో ఉంటుంది, కదలదు, పట్టుకోవడానికి అంచు ఉంటుంది. గట్టు ఎదురుగా నిలబెట్టి, వెనకాల గోడకి ఆనించిన బరువైన చెక్క కుర్చీ పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ అస్సలు వద్దు, తేలిగ్గా జారిపోతుంది. కింద డోర్‌మ్యాట్లు, చాపలు తీసెయ్యండి, నేల తడి లేకుండా చూడండి. చీర కుచ్చిళ్ళు, నైటీ అంచు, లుంగీ కాలికింద పడకుండా పైకి దోపాలి, లేదా పైజామా లాంటిది వెయ్యాలి. మడమ స్ప్లింట్ వాడేవాళ్ళు అది వేసుకునే చెయ్యాలి.

పట్టుకునే మనిషి పక్షవాతం వచ్చిన వైపు, కొంచెం వెనక్కి నిలబడాలి. నడుముకి వెడల్పాటి గట్టి బెల్ట్ కట్టి దాన్ని పట్టుకోండి, ఫిజియో సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. పడిపోతుంటే చెయ్యి పట్టి లాగొద్దు, ముఖ్యంగా బలహీనమైన చేతిని. పక్షవాతం వచ్చిన భుజం కీలు వదులై ఉంటుంది, ఒక్క లాగుడుకి నెలల నొప్పి మిగులుతుంది.

మొదటి రోజు కొలత

మొదలుపెట్టకముందు ఎక్కడున్నారో రాసుకోకపోతే తర్వాత మెరుగయ్యారో లేదో తెలియదు. సొంతంగానో కర్ర పట్టుకునో నడవగలిగితే టైమ్డ్ అప్ అండ్ గో టెస్ట్ చాలు, 1991 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, సరిగ్గా 3 మీటర్ల దూరంలో నేల మీద టేప్ అంటించి, లేచి, నడిచి, టేప్ దగ్గర తిరిగి, వచ్చి కూర్చునే దాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. ముసలివాళ్ళలో 13.5 సెకన్లు దాటితే పడే రిస్క్ ఎక్కువని 2000లో ఒక స్టడీ చెప్పింది, స్ట్రోక్ వచ్చినవాళ్ళకి మొదట్లో 30, 40 పట్టినా కంగారు పడక్కర్లేదు. ఎప్పుడూ అదే కుర్చీ, అదే కర్ర, అదే టైమ్‌లో చెయ్యండి, ఒకట్రెండు సెకన్ల తేడాని లెక్కలోకి తీసుకోవద్దు.

రెండోది, నిలబడి చెయ్యి ముందుకి చాపి ఎంత దూరం అందుకోగలరో. గోడ పక్కన బాగున్న చెయ్యి గోడవైపు ఉండేలా నిలబెట్టి, గోడకి టైలర్ టేప్ అంటించి, చెయ్యి భుజం ఎత్తులో చాపినప్పుడు ఎక్కడుంది, అడుగు కదపకుండా ఎంత వరకు వెళ్ళింది చూడండి. 15 సెంటీమీటర్లు కూడా వెళ్ళలేకపోతే పడే ప్రమాదం ఎక్కువ ఉన్నట్టు. ఫిజియో బెర్గ్ స్కేల్ అనే బ్యాలెన్స్ టెస్ట్ చేస్తే ఆ నంబర్ కూడా రాయించుకోండి, 14 అంశాలు, మొత్తం 56 మార్కులు.

రెండు వెయింగ్ మిషన్లు

అన్నిటికంటే చవకైనదీ, నేను అందరికీ ముందు చెప్పేదీ ఇదే. బరువు చూసుకునే మిషన్లు రెండు, ఒకే మోడల్, ఒకే ఎత్తు. ముల్లు తిరిగేవి కొనండి. డిజిటల్ వాటితో చిక్కేంటంటే అవి ఒక నంబర్ చూపించి అక్కడే ఆగిపోతాయి, కాసేపటికి ఆఫ్ అయిపోతాయి, మనకి కావాల్సింది బరువు మారుతున్నకొద్దీ మారే ముల్లు. కొనే ముందు షాపులోనే ఒకే మనిషి రెండింటి మీదా విడివిడిగా ఎక్కి చూడండి, కిలోకి మించి తేడా ఉంటే వేరేది అడగండి.

రెండూ పక్కపక్కన గట్టి నేల మీద పెట్టాలి, కార్పెట్ మీదో చాప మీదో కాదు. వాటి చుట్టూ అంతే ఎత్తున్న ప్లైవుడ్ ముక్కలు పెట్టి బిగించండి, లేకపోతే అంచు తగిలి పడతారు. నాకైతే ఇది మిషన్ల కంటే ముఖ్యమనిపిస్తుంది, వడ్రంగికి చెప్తే గంటలో చేసిస్తాడు.

లెక్క సింపుల్. మనిషి 64 కిలోలు, బాగున్న కాలి కింద 40, రెండో కాలి కింద 24 చూపించింది అనుకోండి, 24ని 64తో భాగించి వందతో గుణిస్తే 37.5 శాతం. ఇది రాసుకోండి. చేతులతో గట్టు మీద ఆనితే లెక్క తప్పుతుంది కాబట్టి కొలిచేటప్పుడు వేళ్ళు ఆనీ ఆననట్టు ఉంచాలి, రెండు ముళ్ళూ కలిపితే మొత్తం బరువు రాకపోతే చేతుల మీద ఆనుతున్నారని అర్థం. 50కి 50 రావాలని పట్టు పట్టొద్దు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళం కూడా అంత సమానంగా నిలబడం.

ఇప్పుడు ప్రాక్టీస్. మొదట ఊరికే నిలబడి మెల్లగా బరువు బలహీనమైన కాలి మీదకి జరపాలి, ముల్లు ఒక రెండు మూడు కిలోలు పెరిగేదాకా, అక్కడ నిదానంగా ఊపిరి తీస్తూ కాసేపు ఉండి వెనక్కి. నడుం జరగాలి, భుజాలు ఒరగడం కాదు, చాలామంది భుజం ఒంచేసి ముల్లు కదిలిందని సంతోషపడతారు. మోకాలు వెనక్కి విరిగినట్టు బిగుసుకుపోతుంటే ఆపి ఫిజియోకి చూపించండి.

ఇక్కడ చాలా ముఖ్యమైన కిటుకు ఒకటుంది. ముల్లు ప్రతిసారీ చూపించొద్దు. రెండు మూడు రోజులు చూపించాక, ముళ్ళ మీద గుడ్డ కప్పి "నాన్నా, ఇప్పుడు ఈ కాలి మీద ఎన్ని కిలోలు ఉందనుకుంటున్నావ్?" అని అడగండి, చెప్పాక గుడ్డ తియ్యండి. మొదట్లో పది కిలోలు తేడాగా చెప్తారు. వారాలు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గుతుంటే కాలి కబురు మెదడుకి మళ్ళీ అందుతోందని అర్థం. మనం పెంచాల్సింది ఆ లోపలి అంచనానే, ఎప్పుడూ ముల్లు చూస్తూ నిలబడితే అది పెరగదు.

తర్వాత కుర్చీలోంచి లేవడం. కుర్చీలో కూర్చోబెట్టి రెండు పాదాలూ మిషన్ల మీద పెట్టించండి, కుర్చీ కింద కూడా అంతే ఎత్తున్న పలక వేసి. లేచేటప్పుడు ముళ్ళు చూడండి, బాగున్న కాలు దాదాపు పనంతా చేసేస్తుంటుంది. ఇప్పుడు బలహీనమైన పాదాన్ని కొంచెం వెనక్కి, బాగున్న పాదాన్ని కొంచెం ముందుకి పెట్టి లేవమనండి, బలహీనమైన కాలికి పని తప్పదు, ముల్లే చూపిస్తుంది. ఇది స్టడీస్‌లో కూడా తేలిన విషయం. నవారు మంచం మీంచి ఇది ప్రయత్నించొద్దు, కిందకి కుంగిపోతుంది. కుర్చీ ఎత్తు ఎక్కువతో మొదలుపెట్టి, దిండు మందం తగ్గించుకుంటూ రండి.

ఆ తర్వాత అడుగు. బలహీనమైన కాలు మిషన్ మీద ఉంచి, బాగున్న కాలితో ఎదురుగా ఉన్న చిన్న పీట మీద తట్టి వెనక్కి తేవాలి. ఆ ఒక్క క్షణం బరువంతా బలహీనమైన కాలి మీదే పడుతుంది, నడకలో జరిగేది అదే. ఇది గట్టు పట్టుకునే, బెల్ట్ పట్టుకున్న మనిషి ఉండగానే, ఫిజియో సరే అన్నాకే.

ఫోన్‌తో

జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఉంది, ఫ్రీ, యాడ్స్ లేవు. ఫోన్‌లోని సెన్సార్లు ఏం చూస్తున్నాయో అది గ్రాఫ్‌లా చూపిస్తుంది. ఫోన్‌ని పౌచ్‌లో పెట్టి నడుం వెనకాల బిగుతుగా కట్టి, అందులో వంపు చూపించే ఎక్స్‌పెరిమెంట్ తెరిచి, రిమోట్ యాక్సెస్ ఆన్ చేస్తే అదే వైఫైలో ఉన్న ఇంకో ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో బ్రౌజర్‌లో చూడొచ్చు. అంటే వాళ్ళ నడుముకి ఫోన్, మన చేతిలో గ్రాఫ్. నడుం ఎటు ఎన్ని డిగ్రీలు ఒరుగుతోందో తెలుస్తుంది. దీన్ని కొలతకి వాడండి, ఆ గ్రాఫ్ చూపించి వాళ్ళని కంగారు పెట్టొద్దు, వంకర గీతలు చూస్తే ధైర్యం పోతుంది.

వారానికోసారి అదే చోట, అదే పక్కనించి నడక వీడియో తియ్యండి. నెల తర్వాత రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూస్తే రోజూ కనపడని మార్పు కనిపిస్తుంది.

సొంతంగా బోర్డు కట్టాలంటే

నా ఉద్దేశంలో ముందు వెయింగ్ మిషన్లతో ఒక నెల చెయ్యండి, రోజూ చేస్తున్నారు, ఇంకా కావాలనిపిస్తోంది అంటేనే దీనికి దిగండి. ఇంట్లో ఎలక్ట్రానిక్స్ తెలిసిన పిల్లలుంటే రెండు ఆదివారాల పని.

కావాల్సినవి: మూడు వైర్ల 50 కిలోల లోడ్ సెల్స్ (బరువు పసిగట్టే సెన్సార్లు) ఎనిమిది, హెచ్‌ఎక్స్ 711 మాడ్యూల్స్ (సెన్సార్ల సిగ్నల్‌ని నంబర్లుగా మార్చేవి) రెండు, ఈఎస్‌పీ 32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ లాంటిది) ఒకటి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పవర్ బ్యాంక్. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగితే దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో ఎలాగూ ఉన్నాయి. చాలా వీడియోల్లో నాలుగు సెల్స్‌ని ఒకే మాడ్యూల్‌కి కలిపి ఒకే పెద్ద బోర్డు కడతారు, దాంతో మొత్తం బరువు తప్ప ఎడమ ఎంత, కుడి ఎంత అనేది రాదు. అందుకే రెండు చిన్న పలకలు కట్టండి, ఒక్కో పాదానికి ఒకటి, ఒక్కోదానికి నాలుగు మూలలా నాలుగు సెల్స్, ఒక హెచ్‌ఎక్స్ 711.

వైరింగ్‌కి ముందు మల్టీమీటర్‌తో ప్రతి సెల్ చూడండి, బయటి రెండు వైర్ల మధ్య దాదాపు 2 కిలో ఓమ్స్, మధ్య వైర్‌కీ ఒక్కోదానికీ 1 కిలో ఓమ్ వస్తుంది. మధ్య వైర్ మామూలుగా ఎరుపు, కానీ రంగుల్ని నమ్మొద్దు, మీటర్‌నే నమ్మండి. పక్కపక్క మూలల సెల్స్‌ని ఒకే రంగుకి ఒకే రంగు కలుపుతూ చుట్టూ రింగులా చెయ్యాలి, తెలుపు తెలుపు, నలుపు నలుపు. మిగిలిన నాలుగు ఎర్ర వైర్లలో ఎదురెదురు మూలల జత ఒకటి మాడ్యూల్‌లో E+, E- అని రాసి ఉన్నవాటికి, ఇంకో జత A+, A- అని ఉన్నవాటికి. బరువు పెడితే నంబర్ తగ్గుతుంటే A+, A- వైర్లు రెండూ తారుమారు చెయ్యండి, అంతే.

సెల్‌ని ప్లైవుడ్‌కి ఫెవిక్విక్ పెట్టి చదునుగా అంటించేస్తే రీడింగ్ రాదు. దాని మధ్య భాగం కిందికి వంగాలి, చుట్టూ ఉన్న ఫ్రేమ్ మాత్రమే ఆనాలి, కాబట్టి కింద గాడి చెక్కించండి లేదా త్రీడీ ప్రింట్ చేసిన హోల్డర్ కొనండి.

మాడ్యూల్‌కి ఈఎస్‌పీ నుంచి 3.3 వోల్టులు ఇవ్వండి. మామూలుగా సెకనుకి 10 రీడింగులు ఇస్తుంది, బరువు జరపడం చూడ్డానికి అది చాలు. కరెంటు ప్లగ్‌లో ఉన్న ఛార్జర్‌కి కలపొద్దు, పవర్ బ్యాంక్ మీదే నడపండి, మనిషి నిలబడే వస్తువు ఇది. సరిచూడ్డానికి బయట బాట్లు అక్కర్లేదు, 20 లీటర్ల వాటర్ క్యాన్‌లో కొలిచి 10 లీటర్లు పోస్తే 10 కిలోలు, ఖాళీ క్యాన్ పెట్టి సున్నా చేసి, తర్వాత నీళ్ళు పొయ్యండి. పేషెంట్‌ని ఎక్కించే ముందు ఇంట్లో అందరికంటే బరువైనవాళ్ళు ఎక్కి అటూ ఇటూ ఊగి చూడాలి.

చూపించడానికి ఈఎస్‌పీలోనే చిన్న వెబ్ పేజీ పెట్టి ఫోన్‌లో రెండు నిలువు బార్లు చూపించొచ్చు. కానీ శబ్దం ఇంకా బాగుంటుంది నా దృష్టిలో. మా అమ్మకి స్ట్రోక్ తర్వాత ఎడమవైపు ఉన్నవి కనిపించేవి కావు, స్క్రీన్ మీద ఎడమ బార్ ఎంత పెద్దదైనా ఆవిడ దాన్ని చూసేదే కాదు. బజర్ పెట్టి, ఎడమ కాలి మీద అనుకున్న బరువు పడగానే మోగేలా చేశాక తనే నవ్వుతూ మళ్ళీ మళ్ళీ మోగించేది. చూపు తేడా వచ్చినవాళ్ళకి శబ్దంతోనే మొదలుపెట్టండి.

పాత వీ బోర్డు

వీడియో గేమ్ కంపెనీ నింటెండో 2007లో తన వీ అనే గేమ్ కన్సోల్ కోసం వీ ఫిట్ గేమ్‌తో ఒక బ్యాలెన్స్ బోర్డ్ తెచ్చింది, నాలుగు మూలలా సెన్సార్లు, బ్లూటూత్. 2010లో ఆస్ట్రేలియా రీసెర్చర్లు దాన్ని ల్యాబ్ ఫోర్స్ ప్లేట్‌తో పోల్చి బ్యాలెన్స్ కొలవడానికి నమ్మదగిందే అని చెప్పారు. ఇప్పుడు తయారీ ఆపేశారు, మన దగ్గర దొరకడం కష్టం గానీ అమెరికాలోనో యూకేలోనో చుట్టాలుంటే అక్కడ సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా వస్తుంది, ఈసారి వచ్చేటప్పుడు తెమ్మనండి. గేమ్ కన్సోల్ అక్కర్లేదు, బ్యాటరీల అరలో ఉన్న ఎర్ర బటన్ నొక్కి కంప్యూటర్‌కి కలుపుకోవచ్చు, లినక్స్‌లో అయితే డ్రైవర్ ముందే ఉంటుంది. వీ ఫిట్ గేమ్స్ మాత్రం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కోసం చేసినవి, గెంతడాలు, వేగంగా వంగడాలు ఉంటాయి, వాటిని ఆడించొద్దు.

నడకలోకి తేవడం

రోజూ మిషన్ల మీద చేసిన వెంటనే, దిగి అదే పని నేల మీద చేయించండి. మిషన్ మీద లేచి కూర్చున్నారా, వెంటనే మామూలు కుర్చీలోంచి లేవాలి. అడుగు తట్టారా, గట్టు పొడవునా పక్కకి నాలుగు అడుగులు వెయ్యాలి. కిచెన్‌లో నిలబడి చిక్కుడుకాయలు ఒలవడం, పై అరలోంచి డబ్బా తియ్యడం, దేవుడి దగ్గర దీపం పెట్టడం, ఇవన్నీ బ్యాలెన్స్ వ్యాయామాలే, పైగా ఇష్టంగా చేస్తారు.

నడిచేవాళ్ళకి ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ (టిక్ టిక్ అని తాళం వేసేది) పెట్టండి. 1997లో మైఖేల్ థాట్ అనే రీసెర్చర్ బృందం స్ట్రోక్ పేషెంట్లని తాళానికి నడిపిస్తే నడక వేగం, అడుగు పొడవు మెరుగయ్యాయని చూపించింది. ముందు వాళ్ళు మామూలుగా నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టి అదే వేగానికి పెట్టండి, అది సులువయ్యాక వందకి ఐదు చొప్పున పెంచండి. మనకి కావాల్సిన వేగం కాదు, వాళ్ళ వేగం. కళ్ళు మూసుకుని నిలబడటం, ఫోమ్ మీద నిలబడటం లాంటివి ఫిజియో ముందు తప్ప వద్దు.

మధ్యలో కళ్ళు తిరిగినా, గుండె దడ వచ్చినా, ముఖం పాలిపోయినా కూర్చోబెట్టి ఆ రోజుకి ఆపెయ్యండి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యి కొత్తగా పడిపోవడం కనిపిస్తే టైమ్ చూసుకుని వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. రక్తం పలచబడే మందులు వాడుతూ పడి తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనపడకపోయినా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సిందే.

ఫిజియోకి వారానికోసారి వాట్సాప్‌లో నాలుగు పంపండి: బలహీనమైన కాలి శాతం, వాళ్ళు చెప్పిన అంచనాకీ ముల్లుకీ తేడా, లేచి నడిచి కూర్చునే టైమ్, ఆ వారం నడక వీడియో. ఏది కదలట్లేదో చూసి వచ్చే వారం ఏం మార్చాలో ఆయన చెప్తారు.